మూలుగ పరీక్ష

మాంసం కూరలో మూలుగ బొక్క వస్తే పీల్చుకు తినేవాళ్లమే మనమంతా. ఆ మూలుగనే సైన్సు పుస్తకంలో ఎముక మజ్జ అంటారు. మన రక్తంలోని ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తయారయ్యేది అందులోనే.

ఉత్త రక్తహీనతకు ఈ పరీక్ష అక్కర్లేదు. ఐరన్ లోపం చాలావరకు రక్త పరీక్షలోనే తెలుస్తుంది. కానీ మూడు రకాల కణాలూ ఒకేసారి తగ్గితే డాక్టరు మజ్జ పరీక్ష రాస్తారు. ఇక ఇంట్లో ఏడుపులు. "వెన్నులో నీరు తీస్తారట, కాళ్లు పడిపోతాయట" అని రోగిని తీసుకుని వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. వెన్నులో నీరు తీసేది వేరే పరీక్ష. మజ్జ తీసేది నడుము కింద తుంటి ఎముక వెనక అంచు నుంచి. అక్కడ వెన్నుపాము ఉండదు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, బోలుగా ఉండే సూదిని ఎముకలోకి దించుతారు. సిరంజితో లాగే ఆ కొన్ని క్షణాలు మాత్రం నొప్పి ఉంటుంది, ఉండదని చెబితే అబద్ధమే. తీసేది కొన్ని చుక్కలు. గడ్డకట్టకముందే స్లైడు మీద పరిచి, ఆరాక లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. కొందరికి సన్నని ఎముక ముక్క కూడా తీస్తారు. అందులోని సున్నం కరిగించాకే కోయాలి, అందుకే ఆ రిపోర్టు ఆలస్యం.

కణాలు లేక కొవ్వే కనిపిస్తే ఎప్లాస్టిక్ ఎనీమియా కావచ్చు. ఎదగని బ్లాస్ట్ కణాలు 20 శాతం, ఆపైన ఉంటే సాధారణంగా అక్యూట్ లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. మజ్జ నిండుగా ఉండి, ఎర్ర కణాల పిల్లలు మరీ పెద్దవిగా, కేంద్రకం పక్వం కాకుండా కనిపిస్తే ఎక్కువగా బి12 లేదా ఫోలిక్ ఆమ్లం లోపమే. ఇది ఇంజక్షన్లు, మాత్రలతో నయమవుతుంది. పైకి ముగ్గురు రోగులూ ఒకేలా పాలిపోయి, నీరసంగా ఉంటారు. పరీక్షకు భయపడి వెళ్లిపోయినవాళ్లలో ఈ మూడో రకం వాళ్లూ ఉంటారన్నదే నా బాధ. సొంతంగా ఫోలిక్ మాత్రలు మింగడమూ ప్రమాదమే. లోపం బి12ది అయితే రక్తం పెరిగినట్టే ఉంటుంది, లోపల నరాలు దెబ్బతింటాయి.

అన్నట్టు, ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ బృందం చేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గినట్టు 1948లో ప్రకటించారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. అయ్యాక కాసేపు వెల్లకిలా పడుకోబెట్టండి. మర్నాటిదాకా కట్టు తడవనివ్వకండి.