చేను గట్టు నుంచే మొదలయ్యే కెరీర్

అక్టోబరు, నవంబరులో తాండూరు నల్లరేగడి చేలలో కంది పూతకొస్తుంది. ఆ పచ్చటి పువ్వు పక్కన పది నిమిషాలు కూర్చోండి. తేనెటీగ వాలి కింది రేకలపై బరువు మోపగానే లోపల దాగిన కేసరాలు పైకి లేచి దాని పొట్టకు పుప్పొడి పూస్తాయి. మామూలు కంది ఈగ రాకున్నా సొంత పుప్పొడితో కాయ కాస్తుంది. హైబ్రిడ్ విత్తన క్షేత్రంలో పుప్పొడి పండని ఆడ మొక్కల వరుసకు ఆ వీలు లేదు, ఈగ మోసుకొస్తేనే కాయ. ఆ ఈగ గూడు గట్టు మీది చెట్టులో, కంచె పొదలో, పక్కనున్న అడవిలో ఉంటుంది.

చుట్టుపక్కల నేల పంటను ఎలా మారుస్తుందో చెప్పేది ల్యాండ్‌స్కేప్ ఎకాలజీ. కోస్టారికా కాఫీ తోటలో అడవికి సుమారు కిలోమీటరు లోపున్న చెట్లకు ఈగల వల్ల దిగుబడి 20 శాతం ఎక్కువని 2004లో తేలింది. అక్కడే పక్షులు కాయతొలుచు పురుగును సగానికి తగ్గించాయని 2013 అధ్యయనం చూపింది.

వికారాబాద్ జిల్లా విద్యార్థికి ఈ పాఠం ఇంటి ముందే ఉంది. ఒకవైపు అనంతగిరి అడవి, మరోవైపు 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది, నడుమ పత్తి చేలు, నాపరాయి గనులు.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత పాలిసెట్‌తో రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేయవచ్చు. ఇంటర్ బైపీసీ వారికి టీజీ ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉన్నాయి. పీజీలో ఎంటమాలజీ (కీటక శాస్త్రం) తీసుకుంటే నేరుగా ఈ రంగంలోకి వస్తారు. బీజెడ్‌సీ డిగ్రీ వారు జువాలజీ, పర్యావరణ శాస్త్రం మీదుగా రావచ్చు.

కొలువులెక్కడ?

డిప్లొమాతో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ), బీఎస్సీ అగ్రికల్చర్‌తో వ్యవసాయ అధికారి (ఏఓ) పోస్టులకు పోటీ పడవచ్చు. పీజీ, పీహెచ్‌డీ చేసినవారికి వ్యవసాయ పరిశోధన సర్వీసు ఉంది. తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం, కందిపై పనిచేసే పటాన్‌చెరు ఇక్రిశాట్, సస్యరక్షణలో శిక్షణనిచ్చే రాజేంద్రనగర్ జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ (ఎన్‌ఐపీహెచ్‌ఎం) దగ్గర్లోనే ఉన్నాయి. విత్తన సంస్థలు, తేనెటీగల పెంపకం మరో దారి.

ఈ వారమే మొదలుపెట్టండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. గట్టు పక్కన పది మొక్కలు, చేను నడుమ పది మొక్కలు ఎంచుకోండి. వారానికోసారి, ఉదయం ఒకే వేళకు తేనెటీగలు, పంటను తినే శనగపచ్చ పురుగులు, మిత్ర పురుగులైన అక్షింతల పురుగులు, సాలీళ్లు లెక్కించండి. పాలపిట్ట ఏ కొమ్మ మీద నుంచి వేటాడుతోందో రాయండి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో, ఇస్రో భువన్ పోర్టల్‌లో ఆ చేను పటం గీయడం నేర్చుకోండి. పురుగునూ పటాన్నీ కలిపి చదివేవారికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది.

“మందు కొట్టాల్నా బిడ్డా?” అని రైతు అడిగిన రోజున ఆ లెక్క చూసి, “మిత్ర పురుగులు నిండుగున్నయి, ఈ వారం ఆగుదాం పెద్దనాయినా” అని ధైర్యంగా చెప్పగలగాలి. ఈ చదువు అందుకే.