ప్రభుత్వ ధాన్యపు కొనుగోలు - రైతులు ముందుగా చేసికొనవలసిన పనులు

వరి కోతకు వచ్చిన తరువాతనే అమ్మకమును గురించి ఆలోచించుట మన రైతులకు అలవాటు. పూర్వము అది సరిపోయెడిది. బేరగాడు కళ్ళములోనికి వచ్చి, నాలుగు గింజలు కొరికి చూచి ధర చెప్పెడివాడు. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమునకు ధాన్యము అమ్మదలచిన రైతునకు, నాట్లు వేసిన కొలది దినములలోనే అమ్మకము మొదలగుచున్నది. ఇ-పంట నమోదులో మీ చేను లేనిచో, గింజ ఎంత మేలైనదైనను కొనుగోలు కేంద్రములో చిక్కు తప్పదు.

ప్రభుత్వము తన కొనుగోళ్ళను, సేవలను కంప్యూటరులోనికి మార్చుట క్రొత్త సంగతి కాదు. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రములు వెలసినవి. 2003లో టెండర్లను కవర్లలో గాక కంప్యూటరు ద్వారా వేయు పద్ధతి వచ్చినది. 2011లో వచ్చిన మీ-సేవ వలన అడంగలు నకలు కొరకు పదిసార్లు తిరుగుట తగ్గినది. అయితే టెండరు వేయువాడు తన కాగితములను తానే చూచుకొనగలడు. ధాన్యము అమ్ము రైతు వివరములను మాత్రము చాలవరకు మరియొకరు వ్రాయుదురు. కంప్యూటరునకు చేను కనబడదు. అందులో ఎక్కించిన వ్రాత మాత్రమే కనబడును. కావున ఆ వ్రాతను సరిచూచుకొనుట కూడ కలుపు తీయుట వంటి సేద్యపు పనియే యని భావింపుడు.

నమోదులో చూడవలసినవి ఇవి: సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, రకము, విత్తిన లేక నాటిన తేదీ, సాగు చేయువాని పేరు. గ్రామ వ్యవసాయ సహాయకుడు చేనివద్దకు వచ్చి ఛాయాచిత్రము తీయునపుడు మీరు గట్టుపై ఉండుట మంచిది. పిదప మీ వేలిముద్రతో ధ్రువీకరింపవలెను. చాలమంది మరచునది దీనినే. జాబితాను రైతు సేవా కేంద్రములో ప్రదర్శించినపుడు పోయి చదువుకొనుడు. చదువురాని వారు బడికి పోవు పిల్లవానిని వెంట తీసికొని పొండు. రెండెకరముల చేను ఎకరమున్నరగా పడినచో, ఆ అరయెకరపు ధాన్యమునకు కోతల నాడు దారి వెదకుట కష్టము. అభ్యంతరము చెప్పుటకు ఇచ్చిన గడువులోనే అయితే అది చిన్న పని.

కౌలుదారుల విషయము ఇంతకంటె ముఖ్యము. పెట్టుబడి కౌలుదారునిది, చెమట కౌలుదారునిది. నమోదు భూమి యజమాని పేరనున్నచో పైకము యజమాని ఖాతాలో పడును. ఇద్దరికిని సఖ్యత ఉన్నంత కాలము బాధ లేదు. మాట తేడా వచ్చిన యేడు ఏమగునో చెప్పనక్కరలేదు. ఒక్కొక్కచోట యజమాని బాకీ క్రింద బ్యాంకువారే ఆ పైకమును జమ కట్టుకొందురు. 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టము 11 నెలల కాలమునకు సాగుదారు కార్డు ఇచ్చు ఏర్పాటు చేసినది. ఆ కార్డు వలన భూమిపై ఎట్టి హక్కును కలుగదని చట్టములోనే ఉన్నది. ఈ మాట తెలియకనే అనేకులైన యజమానులు సంతకమునకు వెనుదీసిరి. కౌలు మాట్లాడుకొను నాడే, ధాన్యపు పైకము ఎవరి ఖాతాకు పోవలెనో కూడ నలుగురిలో తేల్చుకొనుడు. కార్డు చేతికి రాకున్నను, సాగు చేయుచున్నది తామేయని సహాయకునికి చెప్పి, ఆయన ఎవరి పేరు వ్రాసినది చూచుకొనవలెను. ఇన్ని సౌకర్యములు పెరిగినను కౌలు రైతు దారి ఇంకను ఇరుకుగానే ఉన్నదని చెప్పక తప్పదు.

ఇక తేమ సంగతి. నమోదు ఎంత సరిగా ఉన్నను, యంత్రముతో కోసిన పచ్చి ధాన్యమును కంప్యూటరు ఎండబెట్టజాలదు! ప్రభుత్వ ప్రమాణము ప్రకారము తేమ 17 శాతము మించరాదు. మట్టి, రాళ్ళు 1 శాతము, గడ్డి, తాలు వంటివి 1 శాతము, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన, చెడిన గింజలు అన్నియు కలిపి 5 శాతము, పక్వమునకు రాని ముడుత గింజలు 3 శాతము, తక్కువ రకపు కల్తీ 6 శాతము వరకు ఉండవచ్చును.

"ఎండబెట్టిన తూకము పోవును గదా" యని రైతులు అడుగుచుందురు. పోవును. ఎంత పోవునో లెక్క వేసి చూతము. 22 శాతము తేమగల 75 కిలోల బస్తాలో నీరు పోగా గింజ పదార్థము 58 కిలోల 500 గ్రాములు. దానిని 17 శాతమునకు ఎండబెట్టిన బస్తా సుమారు 70 కిలోల 500 గ్రాములు తూగును. అనగా నాలుగున్నర కిలోలు తరుగు. 2025-26 సీజనుకు సాధారణ రకము మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. సాధారణ రకపు ధరతో ఎండిన బస్తా విలువ సుమారు 1,670 రూపాయలగును. కళ్ళములో పచ్చి బస్తాకు బేరగాడు 1,450 ఇచ్చెదననిన యెడల, తరుగు పోగా కూడ 220 రూపాయలు మీకు మిగులుచున్నవి. అందులో ఎండబెట్టు కూలి, పట్టా అద్దె తీసివేసి, మిగిలినది చాలునో చాలదో మీరే నిర్ణయించుకొనుడు. తుపాను సూచన ఉన్న వారములో ఈ లెక్క మారిపోవును. అప్పుడు బేరగానికి అమ్మిన వానిని తప్పు పట్టజాలము.

కోతకు వారము, పది దినముల ముందు చేలోని నీరు తీసివేయుడు. కోసిన ధాన్యమును పట్టాలపై పలుచగా, రెండంగుళములు మించకుండ పరచి, గంటకొకసారి తిరుగవేయుడు. ప్రొద్దుగూకకముందే కుప్ప చేసి కప్పవలెను, లేనిచో మంచుకు తేమ తిరిగి ఎక్కును. తారు రోడ్డుపై ఆరబోసిన ధాన్యములో ఇసుక చేరును. ఆ 1 శాతము హద్దు చాల తేలికగా దాటును.

2024 నవంబరులో ప్రభుత్వము వాట్సాప్ ద్వారా కూడ కేంద్రమును, తేదీని, బస్తాల సంఖ్యను రైతే ఎంచుకొను వీలు కల్పించినది. తేదీ తీసికొనుటకు ముందే ధాన్యపు నమూనాను గుడ్డసంచిలో రైతు సేవా కేంద్రమునకు తీసికొనిపోయి తేమ చూపించుకొన్నచో, బండి కట్టిన తరువాత తిప్పి పంపు బాధ ఉండదు. నమూనా గుప్పెడు పైపైన గాక, కుప్పకు నాలుగు ప్రక్కల నుండియు, లోపలి నుండియు తీయవలెను. ఆ గుడ్డసంచిని ఎండలో పెట్టుకొని నడచిన నమూనా ఎండును గాని కుప్ప ఎండదు. మిల్లులో తేడా వచ్చును.

తూకము వ్రాసిన కాగితము, ట్రక్ షీటు నకలు పైకము జమ పడువరకు దాచుకొనవలెను. ఆ పైకము ఆధార్‌తో జోడించిన ఖాతాకే వచ్చును. రెండు మూడు ఖాతాలు గలవారు ఏది జోడింపబడినదో కోతలకు నెల ముందే బ్యాంకులో కనుగొనుడు. పాత ఖాతా వాడుక లేక ఆగిపోయి ఉన్నచో దానిని తిరిగి తెరిపించుటకు ఆ నెల కావలసియుండును.