రెండో ఏడాదిలో అడుగుపెట్టే ముందు

తణుకు

చిరంజీవి మేనకోడలికి,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "ఇది ఈసెట్ రాస్తానంటోంది, ఆయనేమో రైల్వే జేఈకి కట్టమంటున్నారు, నువ్వే ఏదో ఒకటి తేల్చన్నయ్యా" అంది. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు బావగారి మాట. అందులో తప్పేమీ లేదు. డిప్లొమాతో రైల్వేలో జేఈకీ (జూనియర్ ఇంజనీర్), స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ జేఈకీ రాసుకోవచ్చు. డిప్లొమా వాళ్ళని నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేర్చే ఈసెట్ కూడా ఏటా ఉంటుంది. రెండూ రాయి, ఎవరొద్దన్నారు? కానీ "ముందు ఉద్యోగంలో చేరు, ఇంజనీరింగ్ తర్వాత చూసుకోవచ్చు" అంటే మాత్రం నేనొప్పుకోను. మా కాలంలో అది కుదిరింది. అప్పట్లో మీ డిప్లొమాని ఎల్‌ఇఇ, ఎల్‌ఎంఇ అనేవారు. పగలు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసుకుంటూ, రాత్రిళ్ళు చదివి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళ ఏఎంఐఈ సెక్షన్ ఎ, సెక్షన్ బి గట్టెక్కితే బీటెక్‌తో సమానంగా చూసేవారు. నేనూ, నా తోటివాళ్ళు కొందరూ అలాగే పైకొచ్చాం. కానీ 2013 మే 31 తర్వాత ఏఎంఐఈలో చేరినవాళ్ళకి ప్రభుత్వం ఆ గుర్తింపు ఇవ్వడం లేదు. అంచేత మేం నడిచిన దారి నీకు లేదు, నీకున్న రాజమార్గం ఈసెట్టే.

"ఇంటర్ చదివినవాళ్ళకంటే వెనకబడ్డాను" అన్నావట. వేళ్ళు మడిచి లెక్కపెట్టు. పది తర్వాత ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. నీకు డిప్లొమా మూడు, బీటెక్ మూడు, అదీ ఆరే. ఒక్క ఏడాది కూడా పోలేదు. పైగా మీ ఎస్‌ఎంవీఎం పాలిటెక్నిక్‌లో మోటారు విప్పి చూసిన చేతులు నీవి.

లెక్కలో ఏళ్ళు సరిపోయినా చదువు సరిపోదు, అసలు చెప్పాలనుకున్నది అదే. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ పిల్లలు రెండేళ్ళు చదివి యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారతారు. అక్కడ ఏ కోర్సు యూనివర్సిటీలో దేనికి సరిపోతుందో ముందే పోల్చి చూసుకునే ఏర్పాటుంది. ఇక్కడ ఆ బాధ లేదు, ఆ భాగ్యమూ లేదు. నీ డిప్లొమాని గంపగుత్తగా తీసుకుని, బీటెక్ మొదటి ఏడాది చదివేసినట్టే లెక్కకట్టి, రెండో ఏడాదిలో కూర్చోబెడతారు. ఆ మొదటి ఏడాదిలో మిగతా పిల్లలు చదివిన లెక్కలు నువ్వు అంత లోతుగా చదవలేదు. మీ ఎలక్ట్రికల్ బ్రాంచి (ఈఈఈ)లో రెండో ఏడాది మొదట్లోనే ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ ఎదురవుతుంది. దాని ప్రాణమంతా వెక్టర్ క్యాల్క్యులస్‌లో ఉంటుంది. గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ అని లెక్చరర్ బోర్డు మీద రాసుకుంటూ పోతారు, అవి తెలిసినవాళ్ళే తన ముందు కూర్చున్నారని ఆయన ధీమా. దానికి తోడు కౌన్సెలింగ్ ఆలస్యమైతే నువ్వు చేరేసరికి క్లాసులు మొదలైపోయి ఉంటాయి. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన నీకోసం మారదు.

డిప్లొమా వాళ్ళు థియరీలో మొద్దులనే మాట కాలేజీల్లో వింటావు. చేరిన మొదటి సెమిస్టర్‌లో లెక్కల్లో తప్పినవాళ్ళని చూసి పుట్టిన మాట అది. మెషీన్స్ ల్యాబ్‌లో స్టార్టర్ కనెక్షన్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు చూడు, అందరూ నీ వైపే తిరుగుతారు. అప్పుడు బెట్టు చేయకుండా చూపించు, వాళ్ళ దగ్గర లెక్కలు చెప్పించుకో.

ఈసెట్ సంగతి నీకు తెలిసిందే: మూడు గంటలు, 200 ప్రశ్నలు, 200 మార్కులు. మీ బ్రాంచి సబ్జెక్టుకి 100, లెక్కలకి 50, ఫిజిక్స్‌కి 25, కెమిస్ట్రీకి 25. తప్పు రాస్తే కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననీ వదలకు. మీవాళ్ళంతా సబ్జెక్టు మీదే పడతారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ మొదటి ఏడాదిలోనే వదిలేశారు గనక ఆ 50 మార్కుల మీద ఎవరికీ ధ్యాస ఉండదు. నువ్వు అటకెక్కించిన ఆ పుస్తకాలు ఇవాళే దించు. అర్హతకి 50 మార్కులు చాలు, మంచి సీటుకి చాలవు. ఒక్కో కాలేజీలో లేటరల్ సీట్లు కొద్దిగానే ఉంటాయి, కాకినాడ జేఎన్‌టీయూ లాంటిచోట పోటీ ఎంతుంటుందో నేను చెప్పాలా?

కాకినాడ వస్తే కళ్ళు మూసుకుని చేరిపో, హాస్టల్ ఖర్చు సంగతి నేను బావగారితో మాట్లాడతాను. రాకపోతే భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్ చూడు. 1980 నుంచి ఉన్న కాలేజీ, మన నిడదవోలు–భీమవరం లైను మీద ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు. కాకపోతే మొదటి సెమిస్టర్ మాత్రం అక్కడే ఉండు. రోజూ రైల్లో వెళ్ళి వస్తూ వెనకబడిన లెక్కలు అందుకోవడం కష్టం. మీ అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ దగ్గరే కదా అని ఎవరో అన్నారట, అక్కడ ఈసెట్‌తో సీటివ్వరు. ఏ కాలేజీ అయినా కన్వీనర్ కోటాలోనే చేరు. "ర్యాంకు లేకపోయినా చూసుకుంటాం" అనే బ్రోకర్ ఇంటికొస్తే మంచినీళ్ళిచ్చి పంపేయమను.

పరీక్షకీ, క్లాసులకీ మధ్య దొరికే వారాలే నీకు బంగారం. నీ స్నేహితురాళ్ళు ఆ రోజుల్లో పెళ్ళిళ్ళకి తిరుగుతారు. నువ్వు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ క్యాల్క్యులస్ పట్టు. సీ లాంగ్వేజి కూడా కాస్త చూసుకో, మిగతావాళ్ళు దాన్ని మొదటి ఏడాదిలోనే చదివేసి ఉంటారు. గ్రేవాల్ మ్యాథమేటిక్స్ పుస్తకం నా దగ్గరుంది. అట్ట ఊడింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. కొత్తది కొనొద్దు.

ఆదివారం రా. వచ్చేటప్పుడు నీ సెమిస్టర్ మార్కుల మెమోలన్నీ పట్టుకురా. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ఇంటర్ మార్కుల బదులు డిప్లొమా శాతం అడుగుతాయి, నీది ఎక్కడ తగ్గిందో చూద్దాం. స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించమని బావగారికి చెప్పు. కౌన్సెలింగ్ వారంలో సచివాలయం దగ్గర నిలబడితే పని కాదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య