తెల్లనివన్నియు పాలు కావు

‘తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు’ అని నమ్మువాని అమాయకత్వమును మన పెద్దలు సామెతగా చెప్పుకొనిరి. ఈ సామెత మనుష్యుల గుణములను గూర్చి పుట్టినదే అయినను, నిజముగా పాల విషయమునకును చక్కగా వర్తించును. నేడు అంగళ్ళలో పాలవలె తెల్లగా కనబడు పానీయములు పెక్కు లభించుచున్నవి. సోయాచిక్కుడు, బాదము, కొబ్బరి మున్నగు వానినుండి తీసినవి కొన్ని. పసిబిడ్డలకై డబ్బాలలో నింపి అమ్ము పొడులు కొన్ని. దూడలకై తయారుచేసిన పొడులు మఱికొన్ని. వీనిలో ఏది పాలకు బదులుగా నిలువగలదు? ఎవరికి నిలువగలదు? ఈ ప్రశ్నకు సమాధానమును కనుగొనుటకు శాస్త్రజ్ఞులు చాలకాలము శ్రమింపవలసి వచ్చినది.

పందొమ్మిదవ శతాబ్దమున రసాయన శాస్త్రజ్ఞులు పాలను విడదీసి పరీక్షించిరి. అందు నీరు, మాంసకృత్తులు, క్రొవ్వు, పాలచక్కెర, లవణములు ఉన్నట్లు తేలినది. అంతట వారికి ఒక ఆశ కలిగినది. ఈ పదార్థములనే తగిన పాళ్ళలో కలిపినచో పాలు సిద్ధము కావా? 1865లో జర్మనీ దేశపు లీబిగ్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు గోధుమపిండి, మొలకెత్తిన ధాన్యపు పిండి, ఆవుపాలు, కొంత క్షారము కలిపి శిశువుల ఆహారమొకటి రూపొందించెను. అది తల్లిపాలకు సాటి రాగలదని ఆయన తలచెను.

ఈ ఆశకు కఠినపరీక్ష త్వరలోనే ఎదురైనది. 1870లో ప్రష్యా సైన్యములు పారిస్ నగరమును ముట్టడించెను. వెలుపలినుండి పాలు వచ్చుట ఆగిపోయినది. పసిబిడ్డల ప్రాణములు నిలుపుటకై కొందరు మాంసకృత్తులుగల తియ్యని ద్రవమున క్రొవ్వును చిలికి కృత్రిమపు పాలు తయారుచేసిరి. చూచుటకు అవి పాలవలెనే ఉండెను. కాని అవి శిశువులను కాపాడలేకపోయెను. ముట్టడి ముగిసిన పిమ్మట 1871లో ద్యూమా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ విషయమును చర్చించి, పాలలో రసాయనశాస్త్రమునకు ఇంకను అందని పదార్థము లుండవచ్చునని హెచ్చరించెను. తాను ఎరుగని దానిని లేదనకుండుట శాస్త్రజ్ఞునకు గొప్ప గుణము.

పదేండ్ల తరువాత, 1881లో, నేటి ఎస్తోనియా దేశములోని తార్తు నగరమున లూనిన్ అను యువకుడు ఒక ప్రయోగమును ప్రకటించెను. ఆయన కొన్ని చిట్టెలుకలకు పాలు పెట్టెను. మఱికొన్నిటికి పాలలోని మాంసకృత్తులను, క్రొవ్వును, చక్కెరను, లవణములను శుద్ధిచేసి, తిరిగి కలిపి పెట్టెను. పాలు త్రాగిన ఎలుకలు ఆరోగ్యముగా నుండెను. రెండవ గుంపులోనివి కొలది వారములలోనే మరణించెను. 1912లో ఇంగ్లండునందు హాప్‌కిన్స్ అను పండితుడు ఈ రహస్యమును మఱింత స్పష్టపరచెను. శుద్ధిచేసిన ఆహారము మాత్రమే తిన్న ఎలుకపిల్లల పెరుగుదల ఆగిపోయెను. అదే ఆహారముతోపాటు దినమునకు రెండుమూడు ఘనసెంటీమీటర్ల పాలు లభించినవి చక్కగా ఎదిగెను. పదునెనిమిదవ దినమున ఆ కొలది పాలను మొదటి గుంపునకు మార్చగా, అవి పెరుగ నారంభించెను; రెండవ గుంపువాని ఎదుగుదల కుంటుపడెను. ఆ పాలలో దాగియుండిన సూక్ష్మపదార్థములనే తరువాత విటమినులనిరి.

ఈ పరిశోధనలో మన తెలుగువాని చేయియు కలదు. భీమవరములో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధన సాగించుచుండగా, 1945లో ఆయన నాయకత్వమున పనిచేయు బృందము ఫోలిక్ ఆమ్లమను విటమినును కృత్రిమముగా తయారుచేసెను. మేకపాలలో ఈ విటమిను మిక్కిలి తక్కువ. కేవలము మేకపాలతో పెరిగిన పసిబిడ్డలకు రక్తహీనత కలుగుటకు ఇదియే ముఖ్యకారణము. మేకపాలును నిజమైన పాలే. అయినను అవి మేకపిల్లకు చాలినట్లు మనిషిబిడ్డకు చాలవు.

ప్రతి తల్లిపాలును తన బిడ్డ అవసరమునకు తగినట్లే ఏర్పడియున్నవి. దూడ రెండు నెలలలో పుట్టినప్పటి బరువునకు రెట్టింపు కాగలదు. మనిషిబిడ్డకు అందుకు ఇంచుమించు ఐదు నెలలు పట్టును. కావుననే ఆవుపాలలో నూటికి మూడు పాళ్ళకు పైగా మాంసకృత్తులుండగా, స్త్రీ స్తన్యములో ఒక పాలు మాత్రమే యుండును. చక్కెర మాత్రము స్తన్యమున ఏడు పాళ్ళు, ఆవుపాలలో ఇంచుమించు ఐదు పాళ్ళు. గేదెపాలలో క్రొవ్వు ఏడు పాళ్ళవరకు ఉండును. ఇవిగాక రోగములను ఎదుర్కొను పదార్థములు కొన్ని స్తన్యములో కలవు. వానిని ఏ డబ్బాలోను పూర్తిగా నింపుట సాధ్యము కాలేదు. అందుచేతనే మొదటి ఆరు నెలలు శిశువునకు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెననియు, ఏడాది నిండువరకు ఆవుపాలను ముఖ్యపానీయముగా ఇయ్యరాదనియు వైద్యులు చెప్పుచున్నారు.

తల్లిపాలు లభింపని బిడ్డల మాటయేమి? వారికి శాస్త్రసహాయము అవసరమే. 1950లో మైసూరులో స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలోని శాస్త్రజ్ఞులు మన దేశమున సమృద్ధిగా లభించు గేదెపాలలో క్రొవ్వును తగ్గించి, కొరతపడిన వానిని చేర్చి, పసిబిడ్డలకు జీర్ణమగు పొడిని తయారుచేయు పద్ధతిని కనిపెట్టిరి. గుజరాతులోని ఆనందు పట్టణపు పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము ఆ పద్ధతిని చేపట్టినది. వేరుసెనగలోని మాంసకృత్తులను వేరుచేసి గేదెపాలతో కలిపిన ‘మిల్టోన్’ అను పానీయమును కూడ ఆ సంస్థయే రూపొందించినది. ఇట్టివాని విలువ రంగులో లేదు. ఏది తక్కువో ఎరిగి దానిని చేర్చుటలో ఉన్నది.

దూడల విషయమును ఇట్టిదే. మనిషిబిడ్డకు రోగములను ఎదుర్కొను శక్తి కొంత తల్లిగర్భమునందే సంక్రమించును. దూడకు అట్లు సంక్రమింపదు. అది ముర్రుపాలద్వారానే లభింపవలెను. ఆ శక్తినిచ్చు పదార్థములను దూడ ప్రేగులు మొదటి కొన్ని గంటలలో బాగుగా గ్రహించును. ఒక దినము గడచునప్పటికి ఆ ద్వారము మూసికొనిపోవును. కావున మొదటి దినమున దూడకు దాని బరువులో ఇంచుమించు పదవవంతు ముర్రుపాలు త్రాగింపవలెను. ఇరువదియైదు కిలోల దూడకు రెండున్నర కిలోల పాలన్నమాట. జున్ను అందరికిని ప్రియమైనదే. కాని దూడ త్రాగగా మిగిలినదే మనకు జున్ను కావలెను.

లేతదూడ కడుపులో గడ్డిని అరగించు గది ఇంకను ఎదిగియుండదు. పిండిపదార్థమును, మన చక్కెరను అది సరిగా జీర్ణించుకొనలేదు. పాలకు బదులు గంజియో, చక్కెరనీళ్ళో పోసినచో పారుడు పుట్టి దూడ కృశించును. వెన్నతీసిన పాలపొడి, క్రొవ్వు, విటమినులు, లవణములు కలిపి తయారుచేసిన మంచి పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, శుభ్రమైన పాత్రలో పోసినప్పుడు అది ప్రయోజనకారి యగును. అదియును ముర్రుపాలకు బదులు కాజాలదు.

ఇక ఎదిగినవారి సంగతి. కొందరికి పాలచక్కెర జీర్ణము కాదు. అట్టివారికి సోయాపాలు మంచి ఆధారము; అందలి మాంసకృత్తులు ఇంచుమించు ఆవుపాలలోని వానికి సమానము. అయినను కాల్షియము, బి12 విటమిను కలిపినవాటిని ఎంచుకొనవలెను. బాదముపాలలో మాంసకృత్తులు స్వల్పము. కొబ్బరిపాలలో క్రొవ్వే ప్రధానము. ఇవి రుచికి మంచివేగాని పాల స్థానమును పొందజాలవు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియముండును. రాగులు, పప్పులు, నువ్వులు, ఆకుకూరలు పాలు త్రాగనివారి లోటును చాలవరకు పూరింపగలవు.

ముడిపదార్థము చెడినదైనచో ఎంత మంచి పద్ధతియు రక్షింపజాలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళ పిల్లలు మరణించినవి. వాని మేతలో కలిపిన వేరుసెనగపిండికి బూజు పట్టుటయే కారణమని తేలినది. ఆ బూజువలన పుట్టు అఫ్లటాక్సినను విషము, చెడిన మేత తిన్న ఆవు పాలలోనికి సైతము దిగును. మంచి పొడియైనను ఖర్చు తగ్గించుకొనుటకై నీరు హెచ్చుగా పోసినచో బిడ్డ కడుపు నిండినట్లు కనబడుచునే క్షీణించును. ఆ నీరు మురికిదైనచో విరేచనములు పట్టుకొనును. ప్రకటనలు చూచి తల్లులు మోసపోకుండుటకై మన ప్రభుత్వము 1992లో చట్టము చేసి, శిశువుల పాలపొడులను గూర్చి ప్రచారము చేయుటను నిషేధించినది.

పాలకు బదులు దొరకదని నిరాశపడ నక్కరలేదు. దొరికినదెల్ల బదులని నమ్మరాదు. ఇది ఎవరికొరకు? ఇందేమున్నది? ఏది లేదు? శుభ్రమైనదేనా? ఈ నాలుగు ప్రశ్నలు అడిగి తెలిసికొనినవాడే తెల్లనివానిలో పాలను గుర్తింపగలడు. మాటాడలేని పసిబిడ్డయు, నోరులేని దూడయు ఈ ప్రశ్నల నడుగజాలవు. వాని పక్షమున అడుగుట మన ధర్మము.