హామ్ రేడియోకి సీరియల్ కేబుల్: 2, 3 పిన్నుల గొడవేంటి?

సెకండ్ హ్యాండ్‌లో హామ్ రేడియో సెట్ తీసుకుని లాప్‌టాప్‌తో కంట్రోల్ చేద్దామనుకునేవాళ్ల దగ్గర తరచూ వినే మాట: "కనెక్టర్ పట్టింది కదా, ఇంకేంటి?" ధర్మవరంలో మా ఫ్రెండ్ ఒకడు పాత పీసీ కేబుల్ చూపించి ఇదే అన్నాడు. కనెక్టర్ పట్టడం వేరు, లోపల వైరింగ్ కుదరడం వేరు.

పీసీ వెనక 9 పిన్నుల పోర్టులో 3వ పిన్ను డేటా పంపుతుంది, 2వది తీసుకుంటుంది, 5వది గ్రౌండ్. "పంపేది అవతల తీసుకునేదానికి కలవాలి కాబట్టి 2, 3 క్రాస్ చెయ్యాలి" అని చాలామంది నల్ మోడెమ్ కేబుల్ కొనేస్తారు. లాజిక్ కరెక్టే. కానీ మోడెమ్ లాంటి పరికరాల్లో పిన్నుల పేర్లు పీసీ వైపు నుంచి చూసి పెట్టినవి. ధర్మవరంలో 'హిందూపురం' బోర్డుతో బయల్దేరిన బస్సు హిందూపురం స్టాండులోకి కూడా ఆ బోర్డుతోనే వస్తుంది కదా, అలాగన్నమాట. అక్కడ 3వ పిన్ను పేరు 'ట్రాన్స్‌మిట్ డేటా'నే, చేసే పని మాత్రం తీసుకోవడం. క్రాసింగ్ లోపలే అయిపోయింది. యాఎసు ఎఫ్‌టీ-450, కెన్‌వుడ్ టీఎస్-2000 ఈ టైపే, వాటికి స్ట్రెయిట్ కేబుల్ కావాలి. ఇక్కడ తప్పు కేబుల్ పెడితే మామూలుగా సెట్‌కి ఏమీ కాదు, సాఫ్ట్‌వేర్‌కి జవాబు రాదంతే.

అసలు భయపడాల్సింది వోల్టేజికి. ఆర్‌ఎస్-232లో 1 అంటే మైనస్, 0 అంటే ప్లస్; పంపేవైపు 5 నుంచి 15 వోల్టుల దాకా ఉంటుంది. టీటీఎల్‌లో 0 అంటే సున్నా దగ్గర, 1 అంటే 5 వోల్టుల దగ్గర. అంటే లెవెల్ వేరు, పైగా తిరగేసి ఉంది. యాఎసు ఎఫ్‌టీ-817 వెనక 8 పిన్నుల గుండ్రటి సాకెట్, ఐకామ్ సీఐ-వీ జాక్ రెండూ టీటీఎల్. (సీఐ-వీలో రాకపోకలకి ఒకటే వైరు!) పీసీ పోర్టు నుంచి వాటికి నేరుగా వైర్లు సోల్డర్ చేస్తే సెట్ లోపలి చిప్ పోవచ్చు. మధ్యలో మాక్స్-232 లాంటి లెవెల్ కన్వర్టర్ ఉండాల్సిందే. యూఎస్‌బీ అడాప్టర్‌కైనా ఇదే రూలు: 9 పిన్నులది మామూలుగా ఆర్‌ఎస్-232, వైర్లు బయటికున్న చిన్న మాడ్యూల్ టీటీఎల్.

కేబుల్ మీద డౌటుంటే మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టండి. 2 నుంచి 2కి మోగితే స్ట్రెయిట్, 2 నుంచి 3కి మోగితే క్రాస్. పోర్టు మీద డౌటుంటే సెట్ పీకేసి, అడాప్టర్ 2, 3 పిన్నులు కలిపి, ఫ్లో కంట్రోల్ ఆఫ్ చేసి టెర్మినల్‌లో టైప్ చెయ్యండి. అక్షరాలు తిరిగొస్తే పోర్టు, డ్రైవర్ బాగున్నట్టే.

ఇంకొకటి. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో ఆర్‌టీఎస్ లేదా డీటీఆర్ లైనే పీటీటీ నొక్కుతుంది. సాఫ్ట్‌వేర్ పోర్టు ఓపెన్ చెయ్యగానే సెట్ ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లిపోవచ్చు. లైసెన్స్ ఉన్నవాళ్లయినా మొదటిసారి యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ పెట్టి, పవర్ తగ్గించే కనెక్ట్ చెయ్యండి.