వాని మెడ చూపించినారా?

ఏమ్మా చెల్లీ, నాలుగేళ్లు దాటినా మీవాడు ఈడు పిల్లల భుజం దాకే వస్తున్నాడని, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయని దిగులుపడతావు గదా. ఆస్పత్రికి పోతే కాళ్ల మాటే మాట్లాడుకుని వస్తాము. మెడ సంగతి కూడా అడగమంటాను నేను.

ఎందుకంటే ఇట్లా ఎదుగుదల ఆగే జన్యు జబ్బుల్లో మోర్కియో ఒకటి. 1929లో ఉరుగ్వే పిల్లల డాక్టరు లూయిస్ మోర్కియో దీన్ని వివరించినాడు. ఒక ఎంజైము లేక, కరగాల్సిన పదార్థం ఎముకల్లో పేరుకుపోతుంది. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటాడు. రెండు మూడేళ్లకు రొమ్ము ముందుకు పొడుచుకొస్తుంది, మణికట్లు వదులవుతాయి. తెలివికి మాత్రం ఏ లోటూ ఉండదు.

పెద్ద ముప్పు మెడలోనే. ఇసుర్రాయి నడుమ చీల చుట్టూ పైరాయి తిరిగినట్టు, మెడలో మొదటి పూస రెండోదాని మీదున్న చిన్న ఎముక చుట్టూ తిరుగుతుంది. ఈ పిల్లల్లో ఆ ఎముక సరిగా ఎదగదు. పూస జారి వెన్నుపామును నొక్కుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. మొన్నటిదాకా అంగడికి నడిచిపోయినోడు సగం దావలోనే కూలబడతాడు. మెట్లెక్కనంటాడు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. సోమరి అని తిట్టొద్దు తల్లీ, వెంటనే ఎమ్మారై గురించి అడుగు. పిల్లిమొగ్గలు వేయనీయద్దు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు ముందే చెప్పాల. గొంతులో గొట్టం వేసేటప్పుడు తల వెనక్కి వంచినా వెన్నుపాముకు దెబ్బ తగలొచ్చు. జారుడు ఎక్కువుంటే పూసలను కలిపి బిగిస్తారు.

మన కర్నూలు, కడప పక్క అక్క కూతురినీ మేనత్త కొడుకునీ చేసుకోవడం మామూలే. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే జన్యులోపం మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఈ జబ్బుకు అవకాశం. దగ్గరి సంబంధాల్లో అట్లా ఇద్దరికీ ఉండడం ఎక్కువ. అయినా కోడలినే ఆడిపోసుకుంటారు! లోపంలో సగం వాళ్ల కొడుకు నుంచే వచ్చింది గదా. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ముందే జన్యు పరీక్ష చేయించుకోండి. కడుపుతో ఉన్నప్పుడు 11 నుంచి 13 వారాల మధ్య బిడ్డకూ పరీక్ష ఉంది.

అంగన్‌వాడీకి వచ్చే బాలల ఆరోగ్య బృందానికి చూపించు, లేదా కర్నూలు పెద్దాస్పత్రికో కడప రిమ్స్‌కో పో. జన్యు పరీక్షలకు హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2021 అరుదైన జబ్బుల విధానం కింద సాయం దొరుకుతుందేమో అక్కడే అడుగు. 2014లో అమెరికాలో అనుమతి పొందిన ఎంజైము మందు వారం వారం ఎక్కించాల, ఎముకల మీద దాని ప్రభావం తక్కువ. అందుకే మందు దొరికినా మెడను చూపిస్తూనే ఉండాల.

పోయేటప్పుడు వాడు నడిచేది ఫోన్లో వీడియో తీసుకుపో. ఆర్నెల్ల కిందటిది ఉంటే అదీ చూపించు, తేడా డాక్టరుకు ఇట్టే తెలుస్తుంది.