చిత్తడినేలలు: వాని గుణములు, తరగతులు



భైంసా పట్టణము చెంత సుద్దవాగునకు అడ్డముగా కట్టబడిన గడ్డెన్నవాగు జలాశయమును మీలో పెక్కురు చూచియే యుందురు. వానలు కురిసిన పిదప దాని కట్టపై నిలిచి చూచినచో కనుచూపుమేర నీరే కానవచ్చును. వైశాఖమాసమున మరల అచ్చటనే నిలిచి చూడుడు. నీరు నడుమకు తగ్గియుండును. చుట్టును బీటలువారిన నల్లరేగడి, దానిపై పచ్చని తుంగ, మేయుచున్న గొడ్లు, నీటియంచున కొంగలు కనబడును. ఈ అంచు నేలయా, నీరా?

ఒకప్పుడు నేను తరగతిలో చెరువు పటము గీయుమని చెప్పితిని. పిల్లలందరును నడుమ నీలిరంగు పూసి, చుట్టునున్న తావును వట్టి కాగితముగా విడిచిరి. పెద్దలమైన మనము చేయుచున్న పొరపాటును ఇట్టిదే. దానిని సవరించుకొనుటకై చిత్తడినేలలను గూర్చియు, వానిని తరగతులుగా విభజించు విధమును గూర్చియు నేడు తెలిసికొందము.

చిత్తడినేల యనగానేమి?

1971వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన ఇరాను దేశమందలి రాంసారు పట్టణమున పలు దేశములవారు కూడి ఒక ఒడంబడిక చేసికొనిరి. మన దేశము 1982లో అందు చేరెను. ఆ ఒడంబడిక ప్రకారము బురదనేలయైనను, నీటితావైనను చిత్తడినేలయే. అది సహజమైనను సరే, మనుష్యులు కట్టినదైనను సరే. నీరు ఏడాది పొడుగున నుండినను సరే, కొన్ని మాసములే యుండినను సరే. నిలువనీరైనను, పారునీరైనను, మంచినీరైనను, ఉప్పునీరైనను సరే. సముద్రతీరమున ఆటువేళ ఆరు మీటర్లకు మించని లోతుగల భాగమును ఇందు చేరును. “కొన్ని మాసములే” యను మాటను గట్టిగా గుర్తుంచుకొనుడు. దానినిబట్టి వేసవిలో ఎండిన చెరువు అంచుకూడ చిత్తడినేలయే.

తరగతులు

రాంసారు ఒడంబడికవారు చిత్తడినేలలను మూడు కూటములుగా విభజించిరి: సముద్రతీరమువి, లోనాటివి, మనుష్యనిర్మితములు. ఈ మూటియందును కలిపి 42 రకములు గలవు. వాని పేర్లన్నియు కంఠస్థము చేయ నక్కరలేదు. ఏ తావునకు పోయినను ఈ నాలుగు ప్రశ్నలు వేసికొన్నచో దాని తరగతి చాలవరకు తెలియగలదు.

1. ఈ నీరు ఎచ్చటినుండి వచ్చి, ఎచ్చటికి పోవును?
2. ఎంతకాలము నిలుచును?
3. మంచినీరా, ఉప్పునీరా, రెండును కలిసినదా?
4. ఏ మొక్కలు, ఏ ప్రాణులు దీని నాశ్రయించి బ్రతుకుచున్నవి?

ఈ ప్రశ్నలతో కొన్ని తావులను పరీక్షింతము. బాసర యొద్ద గోదావరి పారునీటి తరగతిలోనిది. గ్రామములందలి చెరువులు, కుంటలు మనుష్యనిర్మితములు. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి దానిలో పడును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. పులికాటు సరస్సున సముద్రపునీరును ఏటినీరును కలియును. ఆ లోతులేని ఉప్పుకయ్యలలో రాజహంసలు మేయును. కాకినాడ చెంతనున్న కోరంగి మడ అడవులు ఆటుపోట్ల నడుమ పెరుగును. అచ్చటి మడచెట్లకు బురదలో గాలి చాలదు గనుక వాని వేళ్లు నేలనుండి పైకి పొడుచుకొనివచ్చి గాలి పీల్చును. చూచితిరా! నీటి గుణము మారినకొలది అందలి ప్రాణుల బ్రతుకును మారుచున్నది.

నీరుండుట మాత్రమే చాలదు

శాస్త్రజ్ఞులు ఒక చిత్తడినేలయొక్క స్వభావమును మూడు భాగములుగా చూతురు: అందున్న వస్తువులు, ప్రాణులు మొదటిది, అందు జరుగు పనులు రెండవది, దానివలన మనకు కలుగు మేలు మూడవది. మన చెరువునే తీసికొనుడు. నీరు, ఒండ్రు, తుంగ, చేపలు, పక్షులు మొదటి భాగము. వేసవిలో అంచు ఎండి గాలి తగులుట, పాతచెత్త కుళ్లి ఎరువగుట, గడ్డి మొలచుట, మరల వానలకు ఆ అంచు మునుగుట రెండవది. తెలంగాణ రాష్ట్రపు చేపగా గుర్తింపబడిన కొర్రమీను గట్టుచెంత గడ్డిగల లోతులేని నీటిలోనే గ్రుడ్లు పెట్టి పిల్లలను కాచుకొనును. బావులకు ఊట, గొడ్లకు మేత, బెస్తవారికి జీవనము మూడవ భాగము. అంచు పోయినచో ఈ మూడు భాగములును చెడును.

కొల్లేటి చరిత్ర దీనికి నిదర్శనము. అచ్చట చేపలచెరువులకై సరస్సునందు పెద్దపెద్ద గట్లు వేయబడెను. “నీరున్నదిగదా, నష్టమేమి?” యని మీ రడుగవచ్చును. గట్లు వేసినచో నీటిపారుదల యాగును, వరదకు చోటు తగ్గును, తుంగయు జమ్మును నశించును. నీరు మిగిలినను సరస్సు మిగులదు. కొల్లేరు 1999లో అభయారణ్యముగాను, 2002లో రాంసారు తావుగాను ప్రకటింపబడెను. 2006లో ప్రభుత్వము అచ్చటి గట్లను పెక్కింటిని పగులగొట్టించవలసివచ్చెను.

పేరులో నేమున్నది?

పేరులో చాల నున్నది. రాంసారు విభజనలో పంటచెరువులు, వరిపొలములు మనుష్యనిర్మిత చిత్తడినేలలుగా చేరినవి. కాని మన దేశమున 2017లో వెలువడిన చిత్తడినేలల నియమములలో ఏటిపాయలు, వరిపొలములు, త్రాగునీటికై కట్టిన చెరువులు, వ్యవసాయమునకై కట్టిన నిర్మాణములు చిత్తడినేలయను నిర్వచనమునుండి మినహాయింపబడినవి. మన ప్రాంతపు చెరువులలో అధికభాగము వ్యవసాయమునకై కట్టినవే! వానికి వేరు చట్టముల రక్షణ లేదని నా భావము కాదు. ఈ నియమముల రక్షణ మాత్రము వానికి తగులుట కష్టము. కాకతీయులకాలమున, 13వ శతాబ్దిలో, కట్టిన పాకాల, రామప్ప చెరువులు వ్యవసాయమునకై పుట్టినవే. ఎనిమిది శతాబ్దులుగా చేపలకు, పక్షులకు ఇండ్లైన వానిని వట్టి కట్టడములని యెట్లనగలము?

పట్టికలో పేరు లేనప్పుడు చూచువారి కన్నే కాపలా. ఎండిన శిఖమును “బీడు” అని పిలిచిననాడు దానిలో మన్ను పోయుటకు ఎవరికిని జంకు కలుగదు. “చెరువులో ఇంకను మునుగని భాగము” అని పిలిచినచో చేయి వెనుకాడును.

మీరు చేయవలసిన పని

మీ గ్రామపు చెరువు నొకదానిని ఎన్నుకొనుడు. శ్రావణము, కార్తికము, మాఘము, వైశాఖము, ఈ నాలుగు మాసములందును దానిని చూచి పై నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు. లోతునీటికి ఒంటరిగా దిగకుడు. మత్తడి దూకిన యేడు నీరెంతవరకు వచ్చెనో మీ తాతలను, చేపలుపట్టువారిని అడిగి తెలిసికొనుడు. పిమ్మట పటము గీయుడు. నడుమ నీలిరంగు వేయుడు. వారు చూపిన గుర్తువరకు గల అంచునకు పచ్చరంగు వేయుడు. నేలయు నీరును వంతులవారిగా ఏలుకొను ఆ తావే చిత్తడినేల. దానిని పటములో వట్టిగా విడువకుడు.